పెరటి ప్రశ్నలు: కార్తీకంలో పూసిన కూజా మొక్క

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు కీటకాహార మొక్కల గురించే, అందులోనూ అవి వేళ కాని వేళ పూయడం గురించే ఉన్నందున శీర్షికనంతా వాటికే కేటాయిస్తున్నాను. ఆకుల కూజాల్లో పురుగులను పట్టి తినే కూజా మొక్కను మా తరం వాళ్ళం పాఠ్యపుస్తకంలో బొమ్మగా తప్ప ఎరగం. ఇప్పుడది నర్సరీ మేళాల్లో అమ్మకానికి వచ్చి, హైదరాబాదు మేడల మీద తులసికోట పక్కన చోటు సంపాదించుకుంది.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా మేడ మీద రెండేళ్ళుగా సర్రసీనియా అనే కూజా మొక్కను ఒకదాన్ని పెంచుతున్నాను. అమ్మినవారు సంకరజాతి అని మాత్రమే చెప్పారు. నిరుడు మార్చిలో ఒక పువ్వు పూసింది. ఈ ఏడు వసంతంలో ఏమీ పూయలేదు గానీ, దీపావళి వెళ్ళిన వారానికి కూజాల మధ్య నుంచి ఒక మొగ్గ పైకి వచ్చింది. మా అత్తయ్యగారు వెదురు పూతను గుర్తుచేసి, అకాలంలో పూసిందంటే అది చచ్చేముందు పూసే పూతేనని, తీసి పారెయ్యమని అంటున్నారు. మొగ్గను తుంచాలా? మొక్క నిజంగా చచ్చిపోతుందా? (ఒక గృహిణి, సైనిక్‌పురి)

జవాబు: అమ్మా, మీ మొక్క చావదు; కనీసం ఈ పువ్వు వల్ల చావదు. అలాగని మీ అత్తయ్యగారి మాటను కొట్టిపారేయను. వెదురు ఏళ్ళ తరబడి పూయకుండా ఉండి, ఒక్కసారి పూసి గింజ కట్టి ఎండిపోవడం పెద్దవాళ్ళు కళ్ళారా చూసిన సంగతి. అరటిలోనూ గెల వేశాక ఆ బోదె పని అయిపోతుంది, పిలకలే మిగులుతాయి. సర్రసీనియా ఆ కోవలోది కాదు. దాని ప్రాణమంతా మట్టిలో అడ్డంగా పాకే, పసుపు కొమ్ము లాంటి దుంపలో ఉంటుంది. ఆ దుంప ఏటేటా పూస్తూ, పక్కకు పిలకలు వేస్తూ చాలా ఏళ్ళు బతుకుతుంది.

ఈ మొక్కల పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు భాగం. సర్రసీనియా పర్పురియా ఒక్కటే కెనడా దాకా వ్యాపించింది. తక్కినవన్నీ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలో, పైన్ చెట్ల నడుమ ఉండే చిత్తడి నేలల్లో పెరుగుతాయి. అక్కడ వేసవి ముగిసి శరత్తు వచ్చే రోజుల్లో దుంప కొనలో మరుసటి ఏటి పూమొగ్గ కంటికి ఆననంత చిన్నదిగా రూపు కడుతుంది. పగళ్ళు కురచనై చలి ముదిరేసరికి మొక్క మూడు నాలుగు నెలలు సుప్తావస్థలోకి పోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ వేడెక్కగానే, చాలా జాతులలో కొత్త కూజాలు విచ్చుకోకముందే, పూకాడ పైకి లేస్తుంది. కాబట్టి వసంతంలో మనం చూసే పువ్వు ఆ వసంతంలో తయారైనది కాదు, నిరుడే కట్టిపెట్టుకున్న మూట. చలి ఆ మూటను విప్పనివ్వకుండా కాపలా కాస్తుంది, చలి వదిలాక మొక్క దాన్ని విప్పుకుంటుంది.

హైదరాబాదులో ఆ కాపలా బలహీనం. అలబామా తీరంలో ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి కురచ పగటికీ మధ్య తేడా దాదాపు 4 గంటలు; మన దగ్గర అది సుమారు 2 గంటలే. డిసెంబరు 21న మన పగలు 11 గంటల పైన మరో 5 నిమిషాలు ఉంటుంది. అదే నిడివి పగలు అలబామా తీరంలో అక్టోబరు చివరి వారంలోనే వచ్చేస్తుంది. మనం స్వెట్టరు వేసుకుని ధనుర్మాసపు చలి అని వణికే రోజులు ఆ మొక్క లెక్కలో ఇంకా శరత్తే. పైగా ఇక్కడ డిసెంబరు రాత్రులు సగటున 14, 15 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, మధ్యాహ్నానికి 28 డిగ్రీలకు చేరుతుంది. మొక్క కునుకు తీస్తుందే గాని గాఢనిద్ర పోదు.

మీ మొక్క విషయంలో జరిగింది ఇదేనని నా అంచనా. సెప్టెంబరులో కట్టిన మొగ్గను చలి వచ్చి అదిమిపెట్టకముందే, వానలు వెనక్కి తగ్గాక కాసే ఎండ దాన్ని బయటికి లాగింది. ఈ వసంతంలో పూయకపోవడం కూడా ఇందులో భాగమే కావచ్చు. నిరుటి చలికాలం సరిగా నిద్రలేని మొక్క పూతను ఎగ్గొట్టి ఆకుల మీద పడి ఉంటుంది. ఇంకొక కారణాన్ని కూడా తోసిపుచ్చలేను. నల్గొండ బత్తాయి రైతు చెట్లకు నీరు ఆపి, బెట్టకు గురిచేసి, ఆ తర్వాత తడి ఇచ్చి తాను కోరుకున్న కాలంలో పూత తెప్పించుకుంటాడు. సర్రసీనియాకు బెట్ట పనికిరాదు, దాని కాళ్ళు ఎప్పుడూ తడిలోనే ఉండాలి. అయితే రోహిణి కార్తె ఎండకు కుంగి, మృగశిర వచ్చాక తేరుకున్న మొక్కలో కాలాల లెక్క కొంత తారుమారు కావడంలో వింత లేదు. మామిడిలో పునాస కాపును తప్పుపట్టని వాళ్ళం, దీనిని మాత్రం ఎందుకు అనుమానించాలి? అన్నట్టు, ఆస్ట్రేలియా వంటి దక్షిణార్ధగోళపు దేశాల నుంచి తెచ్చిన మొక్కలైతే మొదటి ఏడాది అక్టోబరులోనే పూస్తాయి, అది వాటి వసంతం. మీది ఇక్కడ ఒక మార్చిలో పూసింది గనుక ఆ కారణం వర్తించదు.

చచ్చేముందు పూత అనే మాటలో ఒక చిటికెడు నిజం లేకపోలేదు. బాధలో ఉన్న మొక్క పూతకు రావడం తోటమాలులందరికీ తెలిసిన సంగతి. అందుచేత పువ్వును వదిలి మొక్కను చూడండి. దుంపను వేలితో నొక్కితే గట్టిగా ఉందా, మెత్తగా దిగబడుతోందా? కొత్త కూజా ఒకటైనా వస్తోందా? కుండీ అంచున తెల్లటి పొరలా ఉప్పు పేరుకుందా? మన బోరు నీళ్ళు ఎంత గట్టివో గీజరు రాడ్డును అడిగితే చెబుతుంది. ఈ మొక్కలకు కరిగిన లవణాలు 50 పీపీఎం (పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళు) లోపు ఉన్న నీరు కావాలి. వాన నీరు శ్రేష్ఠం, అది లేనప్పుడు ఏసీ నుంచి కారే నీరు గాని ఆర్‌ఓ నీరు గాని వాడండి. ఆర్‌ఓ నీటినైనా కరిగిన లవణాలను చూపే చిన్న టీడీఎస్ మీటరుతో ఒకసారి కొలుచుకోవడం మంచిది, ఎందుకంటే రుచి కోసం లవణాలు తిరిగి కలిపే యంత్రాలున్నాయి. నా మొదటి సర్రసీనియా చచ్చిపోయింది పూసి కాదు, నా చేతుల్లో. కొబ్బరిపీచు పొడిలో నాటి, చిటికెడు డీఏపీ వేస్తే ఏపుగా వస్తుందని నర్సరీలో ఒకాయన చెబితే, వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి అయ్యుండీ వేశాను. మూడు వారాల్లో కూజాలన్నీ పైనుంచి కిందికి గోధుమరంగు తిరిగాయి. సారంలేని నేలలో బతకడానికే పురుగులను పట్టడం నేర్చిన మొక్క వేళ్ళకు ఎరువు పోయడమంటే విషం పోయడమే.

ఇక తుంచాలా వద్దా అన్నది. దుంప గట్టిగా ఉండి, మొక్కకు నాలుగైదు మంచి కూజాలు ఉంటే నేనైతే తుంచను. ఆ పువ్వును ఒకసారి దగ్గరగా చూడవలసిందే. పూకాడ నిటారుగా లేచి, కొన దగ్గర చేతికర్ర పిడిలా వంగి, పువ్వు తలకిందులుగా వేలాడుతుంది. అయిదు రక్షకపత్రాల కింద అయిదు ఆకర్షణపత్రాలు నాలుకల్లా కిందికి జారుతాయి. వాటి మధ్యలో కీలం, అంటే పువ్వు ఆడభాగపు కాడ, తిరగేసిన గొడుగులా విచ్చుకుని ఉంటుంది. దాని అయిదు మూలల్లో పుప్పొడిని అందుకునే మొటిమంత కీలాగ్రాలు, లోపలి గిన్నెలో రాలిన పుప్పొడి. వేలితో తాకితే పసుపు అంటుకున్నట్టు అంటుకుంటుంది. పసుపురంగు పువ్వయితే ముక్కు మరీ దగ్గరికి పెట్టకండి, సర్రసీనియా ఫ్లావా రక్తం ఉన్నవి పిల్లి తిరిగిన మూల వాసన వేస్తాయి. వారం పది రోజుల్లో ఆకర్షణపత్రాలు రాలిపోతాయి. అప్పుడు పూకాడను మొదలుకంటా కత్తిరించెయ్యండి, కాయ కట్టనివ్వవద్దు. కాయ పండడానికి అయిదు నెలల దాకా పడుతుంది, ఆ ఖర్చు చలికాలంలో పెట్టించడం నాకు ఇష్టం లేదు. దుంప మెత్తగానో మొక్క నీరసంగానో ఉంటే మాత్రం వేచి చూడకుండా మొగ్గలోనే తుంచండి. ఇప్పుడు పూసింది గనుక వచ్చే మార్చిలో ఆ కొన మీద పువ్వు రాకపోవచ్చు, అందుకు కంగారు పడవద్దు.

ఆ తర్వాత కుండీని మేడ మీద రాత్రి గాలి బాగా తగిలే చోటికి మార్చి, నీళ్ళ పళ్ళెంలో మట్టం తగ్గించి, సంక్రాంతి దాటేవరకు మొక్కను కదిలించకుండా వదిలేయండి. ఎండిన కూజాలను కోసేయవచ్చు. పచ్చగా ఉన్నదాన్ని మాత్రం కొయ్యవద్దు.

ప్రశ్న: సార్, పువ్వు మీద వాలడానికి వచ్చిన తేనెటీగను ఈ మొక్క తినేస్తే మరి పరాగసంపర్కం ఎలా జరుగుతుంది? (ఇంటర్ విద్యార్థి, నాంపల్లి)

జవాబు: బాబూ, నీ ప్రశ్న పై ఉత్తరానికి సరిగ్గా తగులుతుంది. సహజంగా పెరిగేచోట మొక్క ఈ చిక్కును రెండు విధాల తప్పించుకుంటుంది. పూకాడ పొడుగ్గా పెరగడం వల్ల పువ్వుకూ ఉచ్చుకూ మధ్య ఎడం ఉంటుంది, పైగా చాలా జాతులలో పువ్వు ముందు, కూజా తర్వాత. అకాలంలో పూసినప్పుడు ఈ రెండో రక్షణ పోతుంది, ఎందుకంటే శరత్తులో కూజాలన్నీ నిండుగా విచ్చుకుని, అంచుల్లో తేనె ఊరుతూ ఉంటాయి. తెల్ల కూజాల సర్రసీనియా ల్యూకోఫిలాకైతే ఏడాదిలో అందమైన కూజాలు వచ్చేదే ఆ కాలంలో.

మరో సంగతి. అక్కడ ఈ పువ్వుకు పని చేసిపెట్టేవి ముఖ్యంగా బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగలు. అవి కీలాగ్రాన్ని రాసుకుంటూ గొడుగులోకి దూరి, ఆకర్షణపత్రాన్ని తోసుకుని మరో దారిన బయటికి వస్తాయి. అందువల్ల ఒక పువ్వు పుప్పొడి ఆ పువ్వుకే అంటడం తగ్గుతుంది. మనదేశంలో బంబుల్‌బీలు హిమాలయాల వైపు ఉంటాయే గాని మన దక్కను పీఠభూమి మీద కనిపించవు. కాబట్టి హైదరాబాదులో గింజ కావాలంటే కుంచె పట్టుకుని మనమే తేనెటీగ కావాలి. సర్రసీనియా జాతులన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి, పుట్టిన సంకరాలు కూడా గింజ కడతాయి. అకాల పువ్వుకు జోడీ దొరకదు గనుక, దాని పుప్పొడిని కాగితపు పొట్లంలో కట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకుంటే వసంతంలో పూసే వేరే మొక్కకు వాడుకోవచ్చు. ఆ పువ్వుకున్న అసలు ఉపయోగం నా దృష్టిలో ఇదే.

ప్రశ్న: హైదరాబాదు చలి చాలదని చదివి, మా సర్రసీనియాను నిరుడు దసరా వెళ్ళగానే కుండీలోంచి తీసి, తడి స్ఫాగ్నం నాచులో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను. సంక్రాంతికి తీసి మళ్ళీ నాటాను. ఫిబ్రవరి మొదటి వారానికే మొగ్గలు రెండు వచ్చాయి. మార్చి రాకుండానే పూసిందంటే నేనేదైనా పొరపాటు చేశానా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి)

జవాబు: పొరపాటేమీ లేదు. మీ మొక్కకు శిశిరం మీ ఫ్రిజ్‌లో గడిచింది, సంక్రాంతినాడు మీరే తలుపు తీసి వసంతాన్ని రప్పించారు. చలి తీరి వెచ్చదనం తగిలిన మూడు నుంచి ఆరు వారాల్లో మొగ్గ కనబడడం మామూలే. మన పంచాంగం ప్రకారం అకాలమేమో గాని, మొక్క పంచాంగం ప్రకారం వేళకే వచ్చింది.

నిజానికి ఈ ఊరికి ఇదే మేలైన పద్ధతని నా అభిప్రాయం. ఉగాదికి మేల్కొన్న మొక్కకు కూజాలు సాగేలోపే మే నెల వచ్చి పడుతుంది, 40 డిగ్రీల ఎండలో లేత మూతల అంచులు మాడిపోతాయి. సంక్రాంతికి మేల్కొన్నదానికి ఫిబ్రవరి, మార్చి నెలల మంచి ఎండ దొరికి, వేసవి ముదిరేలోపు ఒక విడత కూజాలు గట్టిపడతాయి. నేను మార్చమనేది ఒక్కటే: దసరాకు మొక్క ఇంకా పనిలోనే ఉంటుంది, దాన్ని పీకి చలిలో పెట్టడం తొందరపాటు. నవంబరు నెలాఖరుదాకా ఆరుబయట చల్లబడనిచ్చి, డిసెంబరు మొదట్లో 4, 5 డిగ్రీల దగ్గర పెట్టి, జనవరి చివరన తీస్తే 8 వారాలు సరిపోతాయి. సంచిలో పెట్టేముందు కుళ్ళిన ఆకులన్నీ తీసేసి దుంప మీద కాస్త గంధకం పొడి చల్లండి, లేదంటే బూజు పడుతుంది. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి సంచి మీద పేరు రాసిపెట్టడం కూడా అవసరం; అల్లం అనుకుని కడిగి పెట్టిన కథ ఒకటి నాకు తెలుసు.

ప్రశ్న: మా బాల్కనీలో వేలాడగట్టిన కూజా మొక్క ఆషాఢంలో పొడవైన గుత్తిగా పూసింది. ఎక్కడ చదివినా ఈ మొక్కలు వసంతంలో పూస్తాయని ఉంది. పైగా పువ్వు వచ్చాక కూజాలు రావడం ఆగిపోయింది. ఇది ఆడదా మగదా అని కూడా తెలుసుకోవాలని ఉంది. (ఒక పాఠకుడు, మియాపూర్)

జవాబు: వేలాడగట్టానని, గుత్తిగా పూసిందని రాశారు గనుక మీది సర్రసీనియా కాదు, నెపెంథిస్. తెలుగులో రెండింటినీ కూజా మొక్కలనే అంటున్నాం గాని వీటికి చుట్టరికం లేదు. సర్రసీనియాలో ఆకు మొత్తం నేలలోంచి గొట్టంలా లేస్తుంది, నెపెంథిస్‌లో ఆకు కొన నులితీగలా సాగి దాని చివర కూజా వేలాడుతుంది. మీరు చదివింది మొదటిదాని సంగతి. నెపెంథిస్ జాతులలో ఎక్కువ భాగం బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ వంటి చోట్లవి. భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా పగలు పన్నెండు గంటలే, చలికాలమన్నదే లేదు. అలాంటి చోట పుట్టిన మొక్కకు వసంతమేమిటి, ఆషాఢమేమిటి? తీగ ముదిరి, పొడవు సాగి, వెలుతురు చాలినంత దొరికితే ఎప్పుడైనా పూస్తుంది. కాబట్టి మీ మొక్క విషయంలో అకాల పూత అన్న మాటే పుట్టదు.

మనదేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఒక్కటే, మేఘాలయ కొండల్లోని నెపెంథిస్ ఖాసియానా. గారో భాషలో దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, దయ్యం బుట్ట అని అర్థం. అడవి నుంచి తెచ్చామని ఎవరైనా చెప్పి అమ్మితే కొనవద్దు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న మొక్క అది.

కూజాలు ఆగడానికి పువ్వు ఒక కారణమే గాని అసలు దోషి మన వేసవి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి మధ్యాహ్నపు గాలిలో తేమ బాగా పడిపోతుంది, ఆ రోజుల్లో వచ్చిన ఆకుల కొనలు కూజా కట్టకుండానే ఎండిపోతాయి. ఆషాఢంలో మీరు చూసింది ఆ ఎండాకాలపు ఆకులనే. పువ్వు తీగ కొనలో వస్తుంది, దాని కిందనున్న కణుపు మొగ్గ పెరుగుదలను అందుకుంటుంది. ఆ చేతులు మారే వ్యవధిలో కూడా కొన్నాళ్ళు కూజాలు తగ్గుతాయి. వచ్చే వానాకాలం నడిమికి కొత్త ఆకులు మళ్ళీ కూజా కట్టకపోతే అప్పుడు రాయండి.

ఆడ, మగ గుర్తించడం తేలిక. నెపెంథిస్‌లో రెండూ వేర్వేరు మొక్కలు. ఈ పూలకు ఆకర్షణపత్రాలు ఉండవు, నాలుగు చిన్న రేకులు మాత్రం వెనక్కి విచ్చుకుని తేనె చుక్కలతో మెరుస్తుంటాయి. మధ్యలో సన్నని కాడ మీద గుండుసూది తలలా పసుపు ముద్ద ఉంటే మగది. ఆకుపచ్చని కోలగింజలాంటి అండాశయం ఉండి, దాని నెత్తిన నాలుగు పాయల కీలాగ్రం అతుక్కుని ఉంటే ఆడది. గుత్తి కింది నుంచి పైకి విచ్చుకుంటుంది గనుక అట్టడుగున ఉన్న పువ్వును భూతద్దంతో చూడండి. మగదైతే నాచు మగ్గినట్టు ఒక వాసన బాల్కనీ అంతా పట్టుకోవచ్చు, చీమలు బారులు కట్టవచ్చు. అది భరించలేకపోతే గుత్తిని కోసెయ్యడం వల్ల మొక్కకు నష్టం లేదు. ఆడదైతే, మగ మొక్క ఉన్నవాళ్ళెవరైనా మీకు తెలిస్తే, ఆ పుప్పొడి ఒక పొట్లం తెప్పించుకుని కీలాగ్రం మీద జిగురు మెరుస్తున్నప్పుడు అద్ది చూడండి. కాయ పగిలితే లోపల గింజలు నూలుపోగుల్లా ఉంటాయి, ఫ్యాను కింద విప్పవద్దు.